తెల్ల బంపర్లు, జరగని యాక్సిడెంటు

మా కారు తెల్లది. కనీసం బండి కాగితాల్లో అలాగే రాసి ఉంది. బచేలిలో ఇనుపరాయి తవ్వే కొండ కింద కాపురం చేసేవాళ్ళకు తెలుపు అనేది ఒక జ్ఞాపకం మాత్రమే. పొద్దున దండెం మీద ఆరేసిన దుప్పటి సాయంత్రం తీసేసరికి పల్చటి కాషాయం పట్టి ఉంటుంది. మా ఆయన తెల్ల చొక్కాలన్నీ సన్యాసం పుచ్చుకుని చాలా కాలమైంది. కారు కూడా ఏళ్ళ తరబడి ఆ ఎర్రదుమ్ములో నిలబడి నీళ్ళ టీ రంగుకు వచ్చింది. ఇక్కడి కార్లన్నీ అదే రంగులో ఉంటాయి కాబట్టి అదెవరికీ లోపంగా కనిపించదు.

లోపం బంపర్ల దగ్గర వచ్చింది. కారు ఒళ్ళంతా రేకు, ముందూ వెనకా బంపర్లు మాత్రం ప్లాస్టిక్కు. రేకు మీద రంగు వెలిసిపోతుంది తప్ప ఊడదు. బంపర్ల మీది రంగు మాత్రం బండికి వయసు మీరేసరికి పెళుసెక్కి, పొలుసులు పొలుసులుగా లేవడం మొదలుపెట్టింది. లోపలి నల్ల ప్లాస్టిక్కు మచ్చలు మచ్చలుగా బయటపడింది. నేను ఇక్కడి హిందీ హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఒకరోజు కారు స్కూలు గేటులోకి తిప్పుతుంటే పిల్లలు "చిత్‌కబ్రీ ఆ గయీ" అని గుసగుసలాడుకోవడం వినపడింది. చిత్‌కబ్రీ అంటే ఒంటినిండా మచ్చలున్న మేక. వాళ్ళన్నది కారునా, నన్నా అని తేల్చుకునే ధైర్యం నాకు లేకపోయింది. బంపర్లకు రంగు వేయాలని మాత్రం ఆ రోజే తేల్చుకున్నాను.

"బంపరంటేనే గుద్దుకోడానికి పెట్టింది. దానికి సోకేటి?" అన్నారు మా ఆయన.

ఆయనది శ్రీకాకుళం వైపు. గనిలో కరెంటు పని చేస్తారు. వస్తువు పనిచేస్తున్నంతకాలం దాని మొహం చూడనక్కర్లేదని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం ప్రకారమే నన్ను కూడా చాలాకాలంగా చూడటం లేదని అన్నాను. ఆయన వెంటనే లేచి బంపరు విప్పడానికి స్క్రూడ్రైవరు వెతికారు.

రంగు కోసం జగదల్‌పూర్ వెళ్ళాం. తెలుపుల్లో చాలా తెలుపులుంటాయని ముందే చదువుకుని, నమూనాగా పెట్రోలు పోసే చోటున్న మూతను ఊడదీసి సంచిలో పట్టుకెళ్ళాను. దుకాణదారు ఆ మూతను అటూ ఇటూ తిప్పి, గుడ్డకు ఏదో పాలిష్ అంటించి గట్టిగా రుద్దాడు. టీ రంగు వదిలి, కిందనుంచి పాలలాంటి తెలుపు తేలింది. "ఇదీ మేడమ్, మీ బండి అసలు రంగు" అన్నాడు హిందీలో. నా చిన్నప్పటి ఫోటో ఎవరో తీసి చూపించినట్టు అనిపించింది. ఆ సంతోషంలో, ఆ తెలుపుకే సరిపోయేలా కలపమన్నాను. మిగతా కారంతా ఏ రంగులో ఉందో ఆ క్షణాన నాకు గుర్తులేదు. తరవాత జరిగినదానికంతటికీ మూలం అదే.

రంగుతోపాటు ప్లాస్టిక్కుకు పట్టు దొరికేలా ముందుగా పూసే ప్రైమరు, రంగులో కలపాల్సిన ఇంకో మందు కూడా తీసుకున్నాను. బంపరు వంగే వస్తువు. మామూలు రంగు గట్టిపడితే, అది వంగినప్పుడల్లా గుడ్డుపెంకులా పగులుతుంది. ఈ మందు కలిపితే రంగు కూడా బంపరుతోపాటు వంగి, మళ్ళీ లేస్తుంది.

బంపరు ఊడదీయడం మా ఆయన పని. స్క్రూలు సులువుగానే వచ్చాయి. చక్రం వైపు దాక్కున్న ఒక క్లిప్పు మాత్రం మొండికేసింది. ఆయన బొటనవేలు లోపలికి దూర్చి లాగారు. క్లిప్పు ఊడింది, దాంతోపాటు వేలి మీద చర్మం కూడా కొంత ఊడింది. కట్టు కట్టాను. గాయం చిన్నదే. కానీ ఆయన చెయ్యి దించితే పోటు పెడుతోందని, ఎప్పుడూ ఛాతీ మీద పెట్టుకుని తిరగడం మొదలుపెట్టారు. చూసేవాళ్ళకు ప్రతిజ్ఞ చేస్తున్నవాడిలా కనిపించేవారు.

బంపర్లను సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్దాను. ఇక్కడ దాన్ని రేగ్‌మాల్ అంటారు. పాత రంగు అంచులు వేలికి తగలనంత నున్నగా అయ్యేదాకా రుద్దాను. అసలు సమస్య దుమ్ము. తడి రంగు మీద మా ఊరి గాలి తగిలితే తెల్ల బంపరు క్షణంలో కారప్పొడి చల్లిన పెరుగువడ అవుతుంది. అందుకని వరండా చుట్టూ తాళ్ళు కట్టి, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తడిపి తెరల్లా వేలాడదీశాను. ఆ తెరల మధ్య నేనూ, మూతికి గుడ్డా, మా ఆయన స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన గాలి మిషనూ, దాని రంగు పిచికారీ. పల్చటి పూత, ఆరాక మరో పూత, చివర మెరుపు పూత. సెలవురోజులు అలాగే గడిచాయి. బయటినుంచి చూసేవాళ్ళకు తడి దుప్పట్లూ, బుస్సుమనే చప్పుడూ తప్ప ఏమీ కనిపించేది కాదు. ఆ సంగతి నేను అప్పుడు ఆలోచించలేదు.

బంపర్లు అద్భుతంగా వచ్చాయి. వాటిలో నా మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. తిరిగి బిగించి, నాలుగడుగులు వెనక్కి నడిచి, తిరిగి చూశాను. టీ రంగు కారుకు ముందొకటీ వెనకొకటీ పాలతెలుపు బంపర్లు. కట్టుడుపళ్ళు పెట్టించుకున్న ముసలాయన నవ్వుతున్నట్టుంది.

"బాగుంది" అన్నారు మా ఆయన, చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని. ఇంకేమీ అనలేదు. ఇన్నేళ్ళ కాపురంలో నేర్చుకున్నదేదో ఆ ఒక్కసారి పనికొచ్చింది.

మర్నాడు పొద్దున్నే పక్క క్వార్టరు ఆంటీ గోడ మీదనుంచి తొంగిచూసింది. బీహార్ మనిషి, మనసు మంచిది. "కహా ఠుక్ గయీ?" అంది. ఎక్కడ గుద్దుకుంది, అని.

ఎక్కడా గుద్దుకోలేదు, పాతబడిందని రంగు వేశాను అన్నాను. ఆవిడ కారు వైపు చూసింది, అప్పుడే బయటికొచ్చిన మా ఆయన కట్టు వైపు చూసింది, ఇంకా తీయని దుప్పట్ల వైపు చూసింది. "చెప్పుకోవడం ఇష్టం లేకపోతే వద్దులే బేటీ. ప్రాణాలు దక్కాయి, అంతే చాలు" అని లోపలికి వెళ్ళి, మధ్యాహ్నానికి గిన్నెడు ఖీర్ పంపింది.

ఏ ప్రమాదమూ జరగకుండా ఎవరైనా బంపరుకు రంగు వేస్తారన్నది మా టౌన్‌షిప్‌లో ఎవరి ఊహకూ అందలేదు. నిజమే, మచ్చలతో తిరిగినన్నాళ్ళూ మా కారును ఎవరూ ఏమీ అడగలేదు. బాగుచేశాకే అందరికీ జాలి పుట్టింది. స్టాఫ్‌రూములో హిందీ టీచరు నా భుజం మీద చెయ్యి వేసి, సార్‌కు నొప్పి తగ్గిందా అంది. వేలికి చిన్న గీత అన్నాను. ఆవిడ మిగతావాళ్ళ వైపు అర్థవంతంగా చూసింది. వాళ్ళ లెక్కలో, దాస్తున్నారంటే కారణముంటుంది. కారణమంటే ఆయన తాగి నడిపి ఉంటాడు. ఆయన తాగరు, పైగా ఆయనకు కారు నడపడమే రాదు, నడిపేది నేను. ఈ రెండు సంగతులూ అందరికీ తెలుసు. అయినా ఆ వారంలో అవి ఎవరికీ గుర్తుకు రాలేదు. పరిశీలించకుండా నిర్ధారణకు రాకూడదని తరగతిలో పాఠం చెప్పి బయటికొస్తే, కారు చుట్టూ పిల్లలు మూగి ఎక్కడ నలిగిందో చూసుకుంటున్నారు.

అలాంటి రోజుల్లోనే మా పెద్దమ్మ కొడుకు వచ్చాడు. మా పుట్టిల్లు మరైగూడ. కోంట బ్లాకులో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది. అన్నయ్య ఇక్కడి ఆసుపత్రిలో చేరిన ఎవరినో చూడటానికి వచ్చి, పోతూ పోతూ టీ తాగడానికి మా ఇంటికొచ్చాడు. కారు చూశాడు, బావ చెయ్యి చూశాడు. నేను జరగలేదని చెప్పింది విన్నాడు. ఆంటీ జరిగిందని చెప్పిందీ విన్నాడు. బస్సెక్కాడు.

సుక్మా దాకా వెళ్ళేసరికి మా ఆయన చెయ్యి విరిగిందట. కోంటలో దానికి రాడ్డు వేశారట. మరైగూడ చేరేసరికి చెయ్యే లేదట.

ఇక్కడ మా నాయిన గురించి చెప్పాలి. నాయినకు కొంచెం పొలం, బోలెడంత పట్టుదల ఉన్నాయి. మాకు ఈ క్వార్టరు వచ్చిన కొత్తలో చూడటానికి ఒకసారి వచ్చాడు. ఆ సాయంత్రం మా ఆయన స్నేహితులు టీకొచ్చారు. మాటల్లో మా ఆయన సరదా పుట్టి, నాయిన మాట్లాడే తీరును అనుకరించి "ఏంది, గట్ల జూస్తున్నవ్" అన్నారు. అందరూ నవ్వారు. నాయిన కూడా నవ్వాడు. పొద్దున లేచేసరికి తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "నా మాటకు నవ్వెటోళ్ళ ఇంట్ల నాకేం పని బిడ్డా" అని బస్సెక్కి పోయాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు.

ఇందులో విడ్డూరమేమిటంటే, విశాఖపట్నంలో ఉండే మా ఆయన పినతండ్రి పిల్లలు ఈయన "ఏటి" అన్నప్పుడల్లా పడీ పడీ నవ్వుతారు. ఇక స్టాఫ్‌రూములో మా ఇద్దరి తెలుగుకూ కలిపి పెట్టిన పేరు మద్రాసీ. అయినా మా ఆయన తాను తప్పుగా ఏమీ అనలేదనీ, మావయ్యే మరీ సున్నితమనీ ఏళ్ళ తరబడి వాదించారు. నాయిన అసలు వాదించనే లేదు. సెలవులకు నేనే బస్సులో మరైగూడ వెళ్ళి వచ్చేదాన్ని. అల్లుడి ప్రస్తావన వస్తే నాయిన చూరు వైపు చూసేవాడు.

అలాంటి నాయిన ఒక ఆదివారం మధ్యాహ్నం మా గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. నేను పైపుతో కారు కడుగుతున్నాను. నాయిన ఒక చేతిలో కాళ్ళు కట్టిన నాటుకోడి, ఇంకో చేతిలో సంచి. మొదట బంపరు చూశాడు. తరవాత నా కాళ్ళూ చేతులూ చూశాడు.

"నాయినా! ఫోన్ చెయ్యకుండా వచ్చినవేంది?" అన్నాను.

"ఫోన్ల జెప్తవా నువ్వు? అన్నీ దాస్తున్నవట గదా. అల్లుడేడి? ఏ దవాఖానల ఉన్నడు?"

నేను జవాబు చెప్పేలోపలే మా ఆయన లోపలినుంచి బకెట్టు పట్టుకుని వచ్చారు, రెండు చేతులతోనూ. నాయినను చూసి బకెట్టుతో సహా అక్కడే ఆగిపోయారు. నాయిన ఆయన కుడిచెయ్యి చూశాడు, ఎడమచెయ్యి చూశాడు. మళ్ళీ కుడిచెయ్యి చూశాడు.

"చెయ్యి తీసేసిండ్రన్నరు" అన్నాడు నెమ్మదిగా.

"ఎవరన్నారు మావయ్యా? నాకేటీ అవ్వలేదు. క్లిప్పు గీరీసింది, అంతే" అని మా ఆయన బొటనవేలు పైకెత్తి చూపించారు. అప్పటికి అది దాదాపు మానిపోయింది. ఏదో అలవాటు కొద్దీ చిన్న పట్టీ వేసుకున్నారంతే.

నాయిన మొహంలో ఒకదాని వెంట ఒకటి చాలా వచ్చి పోయాయి. మొదట వచ్చింది ఊరట. నేను స్పష్టంగా చూశాను. కళ్ళు తడిశాయి. కానీ అది ఎంతోసేపు నిలవలేదు.

"బొటనేలా?" అన్నాడు. "తెల్లారకముందు బయల్దేరిన. మూడు బస్సులు మారిన. కోడిని ఒళ్ళ వెట్టుకుని కూసున్న. బొటనేలికా?"

మా ఆయన తలదించుకున్నారు. చెయ్యి ఉన్నందుకు క్షమాపణ అడగబోతున్నట్టు కనిపించారు.

మంచినీళ్ళు తాగాక, వేపుడూ అన్నమూ తిన్నాక, నాయిన అసలు బాధ బయటపడింది. బయల్దేరేముందు ఊళ్ళో అందరికీ చెప్పి వచ్చాడట. అల్లుడి మీద పంతం పక్కన పెట్టి పోతున్నాడని ఊరంతా మెచ్చుకుందట. పక్కింటివాళ్ళు కోడినిచ్చారు. నాయిన తన చేతులతో గుట్ట మీదినుంచి నల్లేరు కోసుకొచ్చాడు. అదొక తీగ, విరిగిన ఎముకలు అతుకుతుందని మా వైపు కట్టు కడతారు. "ఇప్పుడు నేను ఊళ్ళకు పోయి ఏమని జెప్పాలె? బంపర్‌కు రంగేసిండ్రని జెప్పాల్నా?"

దానికి జవాబు ఆశ్చర్యంగా మా ఆయన దగ్గర ఉంది.

"మావయ్యా, వేలు లోపల ఇంకా పోటుగానే ఉంది. ఆ నల్లేరు ఏదో కట్టండి" అన్నారు.

నాయిన సంచి విప్పాడు.

నల్లేరును నా రోట్లోనే దంచాడు. అల్లుణ్ణి వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి, బొటనవేలి మొదలుకుని మోచేతి దాకా ఆ ముద్ద పట్టించి, పాత చీర చింపి, వెదురుబద్దలు పెట్టి కట్టాడు. వేలికి కట్టేటంత చిన్న కట్టు కట్టడం తనకు రాదన్నాడు. పచ్చి నల్లేరు ఒంటికి తగిలితే దురద. మామూలు దురద కాదు. కొద్దిసేపటికే మా ఆయన కాళ్ళు నేల మీద ఆగలేదు.

"దురద పెడ్తున్నదా?" అన్నాడు నాయిన.

"లేదు మావయ్యా."

"పెడ్తది. పెట్టకుంటె మందే కాదు."

"కొంచెం పెడుతోంది మావయ్యా."

"ఆఁ. గట్ల జెప్పు." నాయిన బీడీ ముట్టించుకున్నాడు. ఇన్నేళ్ళ తరవాత ఆ ఇద్దరూ తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోవడం అదే మొదలు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. మా ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. దురద వల్లనే అని ఆయన ఈరోజుకీ అంటారు.

గోడ మీదనుంచి పక్క క్వార్టరు ఆంటీ ఇదంతా చూస్తోంది. వారమంతా నేను ఏమీ జరగలేదని చెప్పిన మనిషి, మోచేతి దాకా బద్దలు కట్టించుకుంటుంటే చూసింది. నా వైపు చూసిన చూపులో కోపం లేదు, ఉన్నదంతా జాలే. ఆవిడ హిందీలో నాయినను పలకరించింది. నాయినకు హిందీ సంతలో బేరానికి సరిపడా వస్తుంది. ఆ కాస్త హిందీతోనే మొత్తం పని కానిచ్చాడు.

"బహుత్ బడా గాడీ" అన్నాడు రెండు చేతులూ చాపి. "ఇధర్‌సే ఆయా. ధాడ్! భగవాన్ బచాయా." పెద్ద బండి ఇటునుంచి వచ్చి గుద్దిందట, దేవుడే కాపాడాడట.

"నాయినా!" అన్నాను.

"నువ్వూకో బిడ్డా" అన్నాడు తెలుగులో. "ఆమెకు తెల్వదా ఏంది, నువ్వు దాస్తవని?"

అంతే. వారం రోజులుగా నేను ఒంటరిగా కాపాడుకొస్తున్న నిజం మా నాయిన చేతిలోనే పోయింది. సాయంత్రానికి పరామర్శలకు జనం వచ్చారు. నాయిన వరండాలో కూర్చుని అందరికీ చెప్పాడు. మా ఆయన కట్టు చూపిస్తూ పక్కన కూర్చున్నారు. నేను లోపల టీలు కాచాను.

హోలీ సెలవులు వస్తున్నాయి. అల్లుణ్ణి ఊరికి తీసుకెళ్ళి చూపిస్తే తప్ప తనకు మొహం చెల్లదన్నాడు నాయిన. మా ఆయన సరేనన్నారు. పెళ్ళయ్యాక మరైగూడ వస్తానని ఆయన తనంతట తాను ఒప్పుకోవడం అదే మొదటిసారి. కారులోనే వెళ్దామని నేనన్నాను. ఇప్పుడు అటు రోడ్డు పడింది. పాత రోజుల్లోలా లేదు.

సెలవు రాగానే, ఆయన కట్టు అలాగే ఉంచి, పొద్దున్నే బయల్దేరాం. నాయిన ముందు సీట్లో కూర్చుని, అల్లుడు వచ్చి స్టీరింగు దగ్గర కూర్చుంటాడని చూశాడు. అల్లుడు వెనక సీటు ఎక్కాడు. నేను వచ్చి తాళం తిప్పాను.

"నువ్వా?" అన్నాడు నాయిన.

"నేనే."

"ఎప్పట్నుంచి?"

"కారు కొన్నప్పట్నుంచి నాయినా. ఆయనకు రాదు."

నాయిన తలుపు మీదున్న పిడిని రెండు చేతులా పట్టుకున్నాడు. దంతెవాడ దాటేదాకా వదల్లేదు. దారిలో భద్రతాదళాల క్యాంపు దగ్గర బండి ఆపి, సంచులు చూసిన జవాను ఒకడు బంపరు మీద చెయ్యి వేసి, "ఎక్సిడెంట్ హువా థా క్యా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపలే నాయిన కిటికీలోంచి తల బయటపెట్టి "బహుత్ బడా" అన్నాడు. జవాను వెనక సీట్లో కట్టు చూసి, జాగ్రత్తగా వెళ్ళండి అని గేటు ఎత్తాడు. అప్పుడు నాయిన చేతులు పిడి మీదనుంచి ఒళ్ళోకి వచ్చాయి. సుక్మా దాటాక ఎడంచేతి వైపు పశువులున్నాయనీ, ముందు గుంత ఉందనీ నాకు చెప్పడం మొదలుపెట్టాడు. ఇంకాస్త పోయాక వెనక్కి తిరిగి, "మంచిగ నడుపుతది గదా?" అన్నాడు అల్లుడితో. ఏదో ఆ నడిపేది నేను కానట్టు.

ఇప్పపూలు రాలే రోజులు. ఊళ్ళో సగం మంది చెట్ల కింద ఉన్నారు. కారు చప్పుడు విని బుట్టలు అక్కడే పెట్టి వచ్చారు. మొదట అల్లుడి కట్టు చూశారు, తరవాత బంపరు చూశారు. నాయిన కారు ముందు నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. బచేలి ఇంటి దగ్గర బడా గాడీగా ఉన్నది ఇక్కడికి వచ్చేసరికి రాయి మోసే లారీ అయింది.

"మరి లారీకేమైంది మామా?" అన్నాడు ఎవరో.

"లారీకేమైతది? అది లారీ."

మా పెద్దమ్మ కొడుకు ఒకడికే అనుమానం వచ్చినట్టుంది. చెయ్యి పోయిందని చెప్పింది తనే కాబట్టి, అది ఉండటం అతనికి కాస్త ఇబ్బందిగా ఉంది. "బావా, నిజంగ లారీయేనా?" అని మా ఆయననే అడిగాడు. నాయిన మాట మధ్యలో ఆగిపోయింది. అందరూ మా ఆయన వైపు తిరిగారు.

మా ఆయన అబద్ధం ఆడలేరు. గనిలో ఫ్యూజు పోతే కూడా ఎందుకు పోయిందో మూడు కారణాలు చెప్పి, వాటిలో ఏది నిజమో తెలియదని ఒప్పుకునే మనిషి. ఆయన కట్టు కట్టిన చెయ్యి కొంచెం పైకెత్తారు.

"లారీయే బావా" అన్నారు. "మావయ్య చెప్పింది నిజం. నేను భయపడిపోయి సరిగ్గా చూడలేదు గానీ, మావయ్యకు అంతా తెలుసు."

నాయిన కథను మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. ఆ తరవాత ఆ కథకు ఎదురులేకపోయింది. నేను పక్కకు తిరిగి నీళ్ళ బాటిల్ మూత బిగించాను. అది అప్పటికే బిగించి ఉంది.

అంతలో ఎవరిదో ఎద్దు తాడు తెంపుకుని వచ్చి, దురద తీర్చుకోవడానికి ముందు బంపరుకు తన పిర్ర ఆనించి గట్టిగా రుద్దుకుంది. బంపరు లోపలికి సొట్టపోయింది. నేను బాటిల్ వదిలేసి పరిగెత్తాను. ఎద్దును తోలేశాక లోపలికి చెయ్యి పెట్టి తోశాను. టప్పుమని మళ్ళీ బయటికొచ్చింది. వంగి చూశాను. రంగు మీద ఒక్క పగులు లేదు, ఒక్క గీత లేదు.

"చూశారా!" అన్నాను. ఆపుకోలేకపోయాను. "ఇది నేనే వేశాను రంగు. మందు కలిపి వేశాను. అందుకే పగల్లేదు."

ఎవరూ నమ్మలేదు. లారీ గుద్దినా ఇంత బాగున్న బండికి ఎద్దు ఒక లెక్కా అన్నారు. మా పిన్ని ఒక్కత్తే నా మాట పట్టించుకుంది. బంపరును గోటితో గీకి చూసి, "ప్లాస్టిక్కు కుర్చీలకు గూడ వేస్తరా బిడ్డా ఇది? మా ఇంట్ల కుర్చీలన్ని వెలిసిపోయినయి" అంది. మిగిలిన రంగు ఇంట్లో ఉందనీ, వేసవి సెలవుల్లో తెచ్చి వేస్తాననీ మాటిచ్చాను. నా పనికి దొరికిన మెచ్చుకోలు అదొక్కటే. దాన్ని నేను తక్కువగా చూడటం లేదు.

రెండు రోజులున్నాం. మా ఆయన ఎడమచేత్తో తిన్నారు. అత్తవారింట్లో ఆయనను అలా చూసి మా అమ్మ కన్నీళ్ళు పెట్టుకుని కంచంలో ఇంకో ముక్క వేసేది. నాయినా ఆయనా కలిసి పొలం దాకా నడిచి వచ్చారు. వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఒక చేప గురించి వాదించుకుంటూ వచ్చారు. దాన్ని శ్రీకాకుళంలో ఒకటంటారట, ఇక్కడ ఇంకొకటంటారట. ఎవరి పేరు సరైనదని నన్నడిగారు. స్కూలు పుస్తకంలో దానికి హిందీ పేరుందని చెప్పాను. ఇద్దరూ ఒకేసారి నన్ను తీసిపారేశారు.

బయల్దేరే పొద్దున నాయిన డిక్కీలో చింతపండు మూట, ఎండబెట్టిన ఇప్పపూలు పెట్టాడు. అల్లుణ్ణి వెనక సీట్లో కూర్చోబెట్టి, కట్టు కింద తలగడ సర్దాడు. పండగకు మళ్ళీ రమ్మని గానీ, తాను వస్తానని గానీ అనలేదు. అవి ఆయనకు అలవాటు లేని మాటలు. నా కిటికీ దగ్గరికి వచ్చి, వీధికి రెండు వైపులా నిలబడ్డ జనాన్ని ఒకసారి చూసి, వంగి మెల్లగా అన్నాడు.

"జర నిమ్మలంగ పో బిడ్డా. ఊరంత జూస్తున్నది."

ఊరి చివర మలుపు తిరిగేదాకా నిమ్మళంగానే పోయాను. మలుపు తిరగ్గానే మా ఆయన కట్టు విప్పేసి, మోచేతి దాకా బరబరా గోక్కోవడం మొదలుపెట్టారు.